కాయితం మీద రాయని నంబరు

మొదటి రోజు ఉదయం 11:20కి మా బండ్లు ఆ కొండ ఊళ్లోకి దిగాయి. ఆరు ట్రక్కులు, ఒక జెనరేటర్ ట్రెయిలర్, రెండు నీళ్ల ట్యాంకర్లు. తుఫాను దాటిపోయి నాలుగు రోజులైంది. వాన మాత్రం పోలేదు. ఇక్కడి ఫారెన్‌హీట్ లెక్కలో నలభై అయిదు డిగ్రీల చలి. నది పక్కన ఉండాల్సిన రోడ్డు నదిలో ఉంది. ఉత్తర కరోలినాలో పడమటి కొండలివి. మోరిస్‌విల్‌లో మా అపార్ట్‌మెంట్ నుంచి మామూలుగా నాలుగు గంటల డ్రైవ్. ఆ రోజు ఎనిమిది పట్టింది.

మీరు అడిగే మొదటి ప్రశ్న నాకు తెలుసు. తుపాకీ ఇచ్చారా? ఇవ్వలేదు. కేబుల్ చివర్లు బిగించే పట్టకారు ఇచ్చారు. యుద్ధానికి వెళ్లావా అని రెండో ప్రశ్న. వెళ్లలేదు. అయిదేళ్లు నేషనల్ గార్డ్‌లో, అంటే ఇక్కడి రాష్ట్ర సైన్యంలో, ఉన్నాను. నెలకో వారాంతం డ్రిల్లు, మిగతా రోజులు మామూలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రాష్ట్రానికి ఆపద వస్తే పిలుపు వస్తుంది, సంచి సర్దుకుని వెళ్లాలి. నేను సిగ్నల్ విభాగంలో స్పెషలిస్టుని. అంటే నెట్‌వర్క్ నడిపేవాణ్ని. ఆఫీసులో చేసిన పనే, బూట్లు వేసుకుని.

మా మకాం ఒక హైస్కూలు. జిమ్‌లో మంచాలు. లైబ్రరీలో ఆపరేషన్స్. బ్యాండ్ రూములో, డ్రమ్ముల పక్కన, సర్వర్ పెట్టె. వెనక ఫుట్‌బాల్ గ్రౌండులో హెలికాప్టర్లు దిగుతాయి. కొండల మీద ఇళ్లలో చిక్కుకుపోయినవాళ్లు చాలామంది. వాళ్లకి ఏం కావాలో చుట్టుపక్కల ఫైర్ స్టేషన్లవాళ్లు మేమిచ్చిన లాప్‌టాప్‌లలో టైప్ చేస్తారు. అది సర్వర్‌కి వస్తుంది. లైబ్రరీలో స్క్రీన్ మీద కనపడుతుంది. హెలికాప్టర్ లేస్తుంది. సెల్‌ఫోన్లు పనిచేయని, రేడియో అందీ అందని ఆ ఊళ్లలో మనిషికీ హెలికాప్టర్‌కీ మధ్య ఉన్నది ఆ సర్వర్ ఒక్కటే.

మా సార్జెంట్ తూర్పు కరోలినాలో పొగాకు పొలాల దగ్గర పెరిగిన మనిషి. నలభై దాటాయి. గొంతు ఎప్పుడూ పెంచదు, పెంచాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. బ్యాండ్ రూము తలుపుకి ఒక కాయితం అంటించింది. నెట్‌వర్క్‌లోకి ఏ వస్తువు ఎక్కినా దాని పేరు, నెట్‌వర్క్‌లో దాని అడ్రస్ నంబరు ఆ కాయితం మీద ఉండాలి.

"ముందు రాయి, తర్వాత ప్లగ్ పెట్టు. ఏ వరసలోనో అర్థమైందా, స్పెషలిస్ట్?"

"అర్థమైంది, సార్జెంట్."

14:00కి నాకు మొదటి పని పడింది. హెలికాప్టర్లు దిగే చోట ఒక కెమెరా కావాలి. లోయలో మబ్బు ఎంత కిందికి దిగిందో పైలట్లు లోపల కూర్చునే చూసుకోవాలి. గ్రౌండు అవతలి చివర లైట్ స్తంభానికి కట్టాను. సోలార్ పలక, బ్యాటరీ, చిన్న యాంటెనా. బ్యాటరీ నిండుగా ఉంటే ఇరవై నిమిషాలకోసారి లేస్తుంది, ఫొటో పంపుతుంది, మూడు నిమిషాలు మెలకువగా ఉండి పడుకుంటుంది. మబ్బుగా ఉంటే రోజుకి రెండు మూడు సార్లు లేస్తే గొప్ప. నిచ్చెన మీద, వానలో, లాప్‌టాప్‌ని రెయిన్‌కోటు కింద పెట్టుకుని కెమెరాకి నంబరు కొట్టాను. వేళ్లు కొంకర్లు పోతున్నాయి. లోపలికి వెళ్లాక కాయితం మీద రాద్దామనుకున్నాను. లోపల వేడి కాఫీ ఉంది. జెనరేటర్ మెకానిక్ కేబుల్ పట్టుకోమని పిలిచాడు. వెళ్లాను. రాయలేదు.

సర్వర్ మాది కాదు, ఒక ప్రైవేటు కంపెనీది. దాన్ని తాకే హక్కు మాకు లేదు. వాళ్ల ఇంజనీరు శాంటా క్లారాలో కూర్చుని శాటిలైట్ లింకు మీద నడుపుతాడు. ఏ నంబర్లు ఖాళీగా ఉన్నాయో అడిగాడు. 15:40కి తలుపు మీది కాయితాన్ని ఫొటో తీసి పంపాను. 16:30కి సర్వర్ లేచింది. దానికి ఇచ్చిన నంబరు అతను పంపితే కాయితం మీద నా చేత్తోనే రాశాను. మంచి నంబరే అనిపించింది కూడా.

రెండో రోజు మధ్యాహ్నం మొదటిసారి ఎండ వచ్చింది. లైబ్రరీలో చప్పట్లు కొట్టారు. 13:10కి సర్వర్ మాయమైంది. 13:13కి తిరిగొచ్చింది. సాయంత్రంలోపు అలా అయిదు సార్లు. మేం పరిగెత్తి వెళ్లేసరికి అంతా బాగుంటుంది. చీకటి పడ్డాక తెల్లారేదాకా ఒక్కసారి కూడా పోలేదు. డాక్టరు గుమ్మం తొక్కగానే తగ్గిపోయే పంటినొప్పి అది. ఇక ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు. జెనరేటర్ మీద అనుమానం అన్నారు. మెకానిక్ ఒంటికాలి మీద లేచాడు.

"నా కరెంటు గీత గీసినట్టుంది. మీ తీగలు చూసుకోండి."

తీగలు చూశాను. బ్యాండ్ రూము నుంచి లైబ్రరీకి కొత్త కేబుల్ లాగాను. స్విచ్ మార్చాను. శాటిలైట్ డిష్ దిక్కు సరిచేశాను. 18:15కి శాంటా క్లారాకి ఫోన్ చేశాను. రెండు మాటలు ఇంగ్లీషులో అయ్యాక అతనే అడిగాడు.

"మీరు తెలుగానండీ?"

"తెలుగే. మాది తెనాలి."

"నాది కరీంనగర్ అన్నా. ఆర్మీల తెలుగోళ్లు గూడ ఉంటరని నాకు తెల్వనే తెల్వదు! చూడన్నా, మా సర్వర్ సైడ్ ఆల్ గ్రీన్. డ్యాష్‌బోర్డ్ నా ముంగటనే ఉంది. మీ నెట్‌వర్క్ ఒక్కసారి చెక్ చేసుకోండ్రి."

"మా నెట్‌వర్క్ కూడా గ్రీనే తమ్ముడూ."

మన ఊళ్లవాళ్లం ఈ దేశంలో ఏ ఆఫీసుకి వెళ్లినా మొదట నేర్చుకునే విద్య ఇది. ఏదన్నా చెడిపోతే ముందు కారణం వెతకం. మన వైపు కాదని రుజువులు వెతుకుతాం. వీసా మీద బతికే మనిషికి తప్పు తన పేరు మీద పడటం అంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. నాకు పౌరసత్వం వచ్చి మూడేళ్లయింది. అయినా ఆ అలవాటు పోలేదు. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకునే రకం మేమిద్దరం.

మూడో రోజు ఆకాశం పూర్తిగా తెరిపిచ్చింది. హెలికాప్టర్లకి అంతకంటే మంచి రోజు లేదు. మాకు అంతకంటే చెడ్డ రోజు లేదు. సర్వర్ ఇరవై నిమిషాలకోసారి పోతోంది. సార్జెంట్ తలుపు దగ్గర నిలబడింది.

"కాయితం మీద ఉన్నవన్నీ ఒక్కొక్కటే పీకి చూడు."

పీకాను. ప్రింటర్లు, ఫోన్లు, పదకొండు లాప్‌టాప్‌లు. ఒక్కోదానికి అరగంట. ఏది పీకినా సర్వర్ పోతూనే ఉంది. కాయితం మీద లేనిదాన్ని పీకాలని నాకెలా తోస్తుంది? చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికాను.

ఆ ఉదయం 10:12కి నేనేం చేస్తున్నానో నాకు స్పష్టంగా తెలుసు. శాంటా క్లారాతో ఫోన్‌లో ఉన్నాను. మా స్విచ్‌లో ఏ లోపం లేదని చూపించే స్క్రీన్‌షాట్లు పంపుతున్నాను. మొత్తం ఏడు. ఒక్కోదానికి పేరు పెట్టి, వరస నంబరు వేసి మరీ పంపాను. నా జీవితంలో అంత శుభ్రంగా చేసిన పని మరొకటి లేదు.

నాలుగో రోజు లోయ నిండా పొగమంచు. 09:05కి రేడియో పలికింది. నదికి పైన ఉన్న ఫైర్ స్టేషన్. అక్కడి ఆపరేటర్ రిటైరైన స్కూల్ బస్ డ్రైవర్, డెబ్బై ఏళ్ల వాలంటీర్.

"బేస్, ఇది స్టేషన్ మూడు. నిన్న అడిగిన ఆక్సిజన్ ఏమైంది? ఇంకా రాలేదు."

సార్జెంట్ మైకు అందుకుంది. "స్టేషన్ మూడు, ఏ ఆక్సిజన్?"

గరగర మధ్య ఆయన మొదటినుంచి చెప్పాడు.

"కొండ మీద ముసలాయన, ఆయన భార్య. ఆవిడవి పాడైపోయిన ఊపిరితిత్తులు. వంతెన కొట్టుకుపోయింది. పొరుగువాడు నడిచి దిగొచ్చి చెప్పాడు. రెండు సిలిండర్లు కావాలి. ఉన్నది ఇవాళ తెల్లారేదాకానే వస్తుందన్నాడు. నిన్న ఉదయం పది పన్నెండుకి పంపాను. నా పుస్తకంలో టైం రాసుకున్నాను."

లైబ్రరీ స్క్రీన్ మీద అలాంటిదేమీ లేదు. ఆయన బటన్ నొక్కాడు, చక్రం తిరిగింది, పేజీ ఖాళీ అయింది. వెళ్లిపోయిందనుకున్నాడు. ఎవరైనా అలాగే అనుకుంటారు. సార్జెంట్ వెంటనే హెలికాప్టర్‌కి చెప్పింది. పైలట్ల దగ్గర కూర్చునే ఎయిర్ సార్జెంట్ తల అడ్డంగా ఊపాడు.

"మంచు లేవనీ. ఇప్పుడు పంపితే మనవాళ్లే కొండని గుద్దుకుంటారు."

మంచు ఎంత కిందుందో చూద్దామని ఆయన వెనక నిలబడ్డాను. స్క్రీన్ మీద నా కెమెరా పంపిన ఫొటోలు వరసగా ఉన్నాయి. కింద టైములు. నిన్నటివి పైకి జరిపాడు. 09:32. 09:52. 10:12. 10:32. నా జేబులో సర్వర్ పోయిన టైముల చీటీ ఉంది. తీయాల్సిన అవసరం లేకపోయింది. రెండు రోజులుగా చూస్తున్న అంకెలు, కంఠతా వచ్చు.

అప్పుడు నా వేళ్లకి గుర్తొచ్చింది. నిచ్చెన మీద, వానలో, కెమెరాకి నేను కొట్టిన నంబరు రెండొందల యాభై. తలుపు మీది కాయితంలో సర్వర్ నంబరు కూడా రెండొందల యాభయ్యే. ఒకే వీధిలో రెండిళ్లకి ఒకటే డోర్ నంబరు. కెమెరా పడుకున్నంతసేపూ ఉత్తరాలు సర్వర్‌కి వెళ్తాయి. కెమెరా లేచిన మూడు నిమిషాలు దాని తలుపు తడతాయి. కెమెరాకి ఆక్సిజన్ అంటే ఏం తెలుసు? ఎండ బాగా కాస్తే అది ఎక్కువసార్లు లేస్తుంది. జెనరేటర్‌లో, తీగల్లో మేం వెతుకుతున్నది ఎండలో ఉంది.

గ్రౌండు అడ్డంగా పరిగెత్తి 09:48కి కెమెరా వైరు పీకేశాను. స్తంభం కిందే కూర్చుని శాటిలైట్ ఫోన్ తీశాను. శాంటా క్లారాలో ఇంకా ఉదయం ఏడు కాలేదు. మొదటి రింగుకే ఎత్తాడు.

"తమ్ముడూ, సర్వర్‌కి రెండొందల యాభయ్యే ఎందుకిచ్చావు?"

"మీరు పంపిన ఫొటోల ఖాళీ ఉండె గదన్నా. ఏదో అలవాటు."

"ఎక్కడి అలవాటు?"

"అమీర్‌పేట్ల నేర్సుకున్న. మా సార్ అనేటోడు, కొత్తగ వచ్చినోనికి రెండొందల యాభై ఇయ్యుండ్రి, అది ఎప్పటికీ ఖాళీనే ఉంటది అని."

"గళ్ల చొక్కా సార్. మూడో అంతస్తు. లిఫ్ట్ ఉండదు."

"అరే! మీరు గూడ ఆడనేనా అన్నా?"

అతను నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. ఆ నవ్వుని తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది. ఒకే కోచింగ్ సెంటర్ గదిలో, వేరువేరు సంవత్సరాల్లో, ఒకే బోర్డు మీద నేర్చుకున్నాం. ఆ గదిలో పదే పది కంప్యూటర్లు, కాబట్టి ఆయన మాట అక్కడ నిజమే.

"కెమెరాకి నేనూ అదే ఇచ్చాను తమ్ముడూ. కాయితం మీద రాయలేదు. నీకు పంపిన ఫొటోలో అందుకే ఖాళీగా కనపడింది."

అవతల కీబోర్డు చప్పుడు. చాలాసేపు.

"లాగ్‌ల ఉందన్నా. అడ్రస్ కాన్‌ఫ్లిక్ట్ అని రెండు రోజులసంది పడుతనే ఉంది. డ్యాష్‌బోర్డ్ గ్రీన్ ఉండె, నేను లాగ్ ఓపెన్ చెయ్యలే." గొంతు తగ్గింది. "రూట్ కాజ్ రిపోర్ట్‌ల ఏం రాస్తరన్నా? నా వీసా ఎక్స్‌టెన్షన్ పెండింగ్ ఉంది."

"నేనే అని రాస్తాను. నీ పేరు ఎందుకొస్తుంది?"

"ఎవరికన్న ఏమన్న అయ్యిందా అన్నా?"

"ఇంకా తెలియదు," అన్నాను.

10:05కి సార్జెంట్ ముందు నిలబడి మొత్తం చెప్పాను. ఏదీ దాచలేదు. ఆవిడ నా మొహం వైపు చూడలేదు, తలుపు వైపు చూసింది. జేబులోంచి పెన్ను తీసి నా చేతిలో పెట్టింది.

"ఇప్పుడు రాయి."

కెమెరాకి కొత్త నంబరు రాశాను. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో పెన్ను పట్టుకున్నప్పుడు తెలిసింది.

11:10కి మంచు లేచింది. హెలికాప్టర్ బయల్దేరింది. ఇంటి దగ్గర దిగే చోటు లేదు. 11:35కి కిందున్న పచ్చికలో తాడుతో సిలిండర్లు దించారు. పొరుగువాళ్లు భుజాల మీద మోసుకెళ్లారు. నేను లైబ్రరీలో రేడియో పక్కన నిలబడ్డాను. ఎవరూ నన్ను పొమ్మనలేదు. మొక్కాలనిపించింది. ఏ దేవుడికి ఏమని మొక్కాలో తోచలేదు.

13:15.

"బేస్, స్టేషన్ మూడు. ఆవిడ పొద్దున ఆరింటికే పోయిందట. సిలిండర్లు ఇంట్లో పెట్టి వచ్చారు. నేను నిన్ననే రేడియోలో కూడా అడగాల్సింది. వెళ్లిపోయిందనుకున్నాను."

"మీరు చేయాల్సింది మీరు చేశారు, స్టేషన్ మూడు," అంది సార్జెంట్.

బయటికి వెళ్లి జెనరేటర్ వెనక నిలబడ్డాను. ఆ మోతలో ఏడిస్తే ఎవరికీ వినపడదు. కాసేపటికి సార్జెంట్ వచ్చింది. "మెసేజ్ పంపితే అందిందో లేదో తిరిగి అడగాలని మాలో ఎవరికీ తోచలేదు. ఇది నీ ఒక్కడిదే కాదు," అంది. మంచి మనిషి, మంచి మాటే చెప్పింది. నాకు మాత్రం అది అంటలేదు. నిన్న పది పన్నెండుకి ఆకాశం నీలంగా ఉంది. ఆ ఇంటికి హెలికాప్టర్‌లో ఇరవై అయిదు నిమిషాలు.

ఒకటిన్నర పేజీ వాంగ్మూలం రాసిచ్చాను. పైఆఫీసరు రిపోర్టులో అది ఒక వాక్యమైంది: పరికరాల మధ్య సాంకేతిక ఘర్షణ, సరిచేయబడినది. నా పేజీలు ఏ ఫైల్లోనో ఉండి ఉంటాయి. శిక్ష లేదు. ఇంకో పదిహేను రోజులు అక్కడే పనిచేశాను. సర్వర్ మళ్లీ ఒక్కసారి కూడా పోలేదు. వెళ్లేముందు జిమ్‌లో వరసగా నిలబెట్టి అందరికీ ప్రశంసాపత్రాలు ఇచ్చారు. నాకూ ఇచ్చారు. తీసుకున్నాను.

ఇంటికొచ్చాక మోరిస్‌విల్‌లో ఒక ఆదివారం భోజనానికి పిలిచారు. "హెలికాప్టర్ ఎక్కావా బాబూ?" అని ఒక ఆంటీ. "వుయ్ ఆర్ సో ప్రౌడ్ ఆఫ్ యూ," అని అంకుల్. వాళ్ల అమ్మాయి స్కూల్ ప్రాజెక్టుకి నన్ను ఇంటర్వ్యూ చేస్తానంది. "అంకుల్, మీకు స్కేర్ అయిందా?" అని అడిగింది. అయింది అన్నాను. వరద గురించి అనుకుంది. నా గడువు అయిపోయాక మళ్లీ సంతకం పెట్టలేదు. ఎందుకు మానేశావని చాలామంది అడిగారు. ఆఫీసులో పని ఎక్కువైందని చెప్పాను. అది అబద్ధం.

అసలు నాకు మిగిలినది తిరుగు దారిలో ఆగిన పావుగంట. పంతొమ్మిదో రోజు, 14:30. లాప్‌టాప్ వెనక్కి తీసుకోవడానికి నన్నూ డ్రైవర్‌నీ స్టేషన్ మూడుకి పంపారు. ఎండ కాస్తోంది. నది మీద అప్పటికి నడిచే వంతెన వేశారు. దాని మీదుగా ఒక ముసలాయన తోపుడు బండి తోసుకుంటూ వస్తున్నాడు. మోకాళ్లదాకా బురద. బండిలో రెండు ఆకుపచ్చ సిలిండర్లు. ఆపరేటర్ నా పక్కనే ఉన్నాడు. "ఆయనే," అన్నాడు నెమ్మదిగా.

ముసలాయన మా ట్రక్కు దగ్గర ఆగి ఊపిరి తీసుకున్నాడు.

"ఇవి మీవే కదా బాబూ. వాడలేదు. ఇంకెవరికైనా పనికొస్తాయని తెచ్చాను."

వాపసు ఫారం తీశాను. వస్తువు పేరు. ఎన్ని. ఏ స్థితిలో ఉన్నాయి. మూడో గడిలో "వాడనివి" అని రాయాలి. రాశాను.

"వీటిని పంపింది మీరేనా?" అని అడిగాడు.

"మేమేనండీ."

"చాలా థాంక్స్. దారి లేనప్పుడు ఎవరు మాత్రం ఏం చేస్తారు?"

నోటిదాకా వచ్చింది. దారి ఉంది, ఆకాశంలో ఉంది, నేనే మూసేశాను అని చెప్పాలి. ఆపరేటర్ నేల చూస్తున్నాడు. డ్రైవర్ ఇంజను ఆపలేదు. నేను ఫారం ఆయన ముందుకు జరిపి, సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించాను. ఆయన కళ్లజోడు తీసి, పెట్టుకుని, సంతకం చేశాడు.

సిలిండర్లు ఎత్తబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు. "ఒక్క నిమిషం." జేబులోంచి చేతిరుమాలు తీశాడు. బండిలో వస్తూ వాటికి అంటిన బురదని తుడవడం మొదలుపెట్టాడు. మొదట ఒకటి, కింద నుంచి పైదాకా. తర్వాత రెండోది. మెడ దగ్గర సీలు చినగకుండా దాని చుట్టూ వేలితో జాగ్రత్తగా తుడిచాడు. తొందరపడలేదు. నేను చేతులు చాచి నిలబడ్డాను.